చాటచెవుల భూతమూ, మూత పెట్టిన జంతికలూ

మొసళ్ల మడుగు ఈదినవాడూ, గండభేరుండం ముక్కు విరిచినవాడూ, ఒంటిచేత్తో దొంగల దండును తరిమినవాడూ అయిన కుంకుమాద్రి యువరాజు హేమాంగదుడు ఆ ఉదయం గవరమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని బియ్యప్పిండి జల్లిస్తున్నాడు. ఒంటి మీద ముదురాకుపచ్చ చీర. రెండు చేతులకూ మట్టిగాజులు. అల్లారుముద్దుగా పెంచుకున్న మీసం నిన్ననే పోయింది.

"జల్లెడ అలా ఊపకు నాయనా, పిండి కళ్లలో పడుతుంది. పడితే నులుముతావు. నులిమితే ఎర్రబడతాయి. ఎర్రకళ్ల కోడలిని చూస్తే కావలివాళ్లకు అనుమానం రాదూ?" అంది గవరమ్మ.

"పిన్నీ, ఇంకా పిండి కూడా కలపలేదు. అప్పుడే కావలివాళ్ల దాకా వెళ్లిపోయావా!"

"వెళ్లకపోతే ఎలాగ? ముందే అన్నీ అనుకోవాలి."

ఆమె భయానికి కారణం లేకపోలేదు. ఎనిమిది రోజుల కిందట మాంత్రికుడు ధూమకంఠుడు తన కొండ మీద యువరాజు మీదికి శాపపు బూడిద విసిరినప్పుడు అడ్డం వెళ్లి నిలబడ్డవాడు ఆమె ఒక్కగానొక్క కొడుకు బైరన్న. బూడిద పడిన చోటనే అతని పాదాలు రాయిగా మారి నేలలో నాటుకుపోయాయి. ఆ మర్నాటి నుంచి ధూమకంఠుడు రోజూ మధ్యాహ్నం కొండకొసన జపం చేసుకుని దిగివచ్చి, దండంతో నేల మీద ఒక్కసారి పొడుస్తాడు. రాయి ఒక జానెడు పైకి పాకుతుంది. ఏడు పోట్లకు ఏడు జానలయ్యాయి. రాయి గడ్డం కింద దాకా వచ్చి ఆగింది. ఈరోజు ఎనిమిదో పోటు. ఇది పడితే బైరన్న నోరూ ముక్కూ మూసుకుపోతాయి. ఆ తరువాత ఏ మందూ పనిచేయదు.

ఆ లోపల పనిచేసే మందు ఒకటుందని కొండకింద తపస్సు చేసుకునే ముసలి యోగిని చెప్పింది. మాంత్రికుడి నివాసంలోనే ఒక గూట్లో చంద్రశిల కుండ ఉంది. అందులోని నీళ్లు తల మీద పోస్తే రాయి పైనుంచి కిందికి మెల్లగా కరుగుతుంది. కాని గూటికి అడ్డంగా చాటచెవుల భూతం కూర్చుని ఉంటుంది. దానికి కళ్లు లేవు. చెవులు మాత్రం చాటలంత. చీమ నడిచినా వింటుంది, వింటే పట్టుకుంటుంది, పట్టుకుంటే నమిలేస్తుంది. దాని చెవులు పనిచేయనిది ఒక్కప్పుడే. అది ఏదైనా కరకరలాడేది నములుతున్నంతసేపు సొంత నోటి చప్పుడు తప్ప దానికి మరేమీ వినిపించదు. ధూమకంఠుడు దానికి ఎండిన ఎముకలు వేసి పోషిస్తున్నాడు.

"ఎముకల కంటే కరకరలాడేవి నేను చెయ్యగలను" అని గవరమ్మ అన్నది అప్పుడే.

ఆమె కుంకుమాద్రి కోటలో ఇరవై ఏళ్లు పిండివంటలు చేసిన మనిషి. నాలుగు సోలల బియ్యప్పిండికి ఒక సోల వేయించి విసిరిన మినప్పిండి, ఉప్పు, కారం, వాము, కడిగిన నువ్వులు. నువ్వులు కడగకుండా వేస్తే నూనెలో చిటపటలాడి ముఖాన పడతాయని ఆమె రెండుసార్లు చెప్పింది. కాచిన నెయ్యి గరిటెడు పిండి మీద పోస్తే బుస్సుమంది. యువరాజు ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు.

"మొసలికి భయపడలేదుగాని గరిటెడు నేతికి భయపడ్డావా!"

"మొసలి ఎటునుంచి వస్తుందో కనపడుతుంది పిన్నీ. ఇది ఎటు చిందుతుందో ఎవరికి తెలుసు?"

"ఆ భయం ఉండాలి. భయం లేనివాళ్లే చేతులు కాల్చుకుంటారు. ఇప్పుడు పిండి పట్టి చూడు. పిడికిట్లో ఉండ నిలవాలి, వేలితో తాకితే విడిపోవాలి. అలా ఉంటే గుల్లగా వస్తాయి. నెయ్యి తక్కువైతే రాళ్లు, ఎక్కువైతే నూనెలో విడిపోతాయి."

సగం పిండి మాత్రమే నీళ్లతో తడిపింది. మిగిలిన సగం పొడిగానే గుడ్డలో మూటకట్టింది. యువరాజు జంతికల గొట్టంలో పిండి కూరి రెండు చేతులతో నొక్కాడు. కత్తిపిడి పట్టి కాయలుకాచిన చేతులకు కూడా అది అంత సులువుగా లొంగలేదు. గాజు ఒకటి చిట్లింది. మూకుట్లో నూనె కాగింది. గవరమ్మ కొంగు బిగించి దోపుకుంది, యువరాజు కొంగు కూడా తనే దోపింది. "పక్కవీధి కామేశ్వరమ్మ కొంగు ఇలాగే అంటుకుంది, తెలుసా?" అంది. తొలి వాయిలోంచి ఒక చుట్టు తీసి పొయ్యిలో అగ్నిదేవుడికి వేసింది. ఇక వాయి మీద వాయి. బంగారు రంగు చుట్లు తాటాకు చేట మీద కుప్పగా పేరుకున్నాయి. వాము వాసన ఇల్లంతా కమ్ముకుంది.

యువరాజు చెయ్యి చాచాడు. గవరమ్మ ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"ఇవి నైవేద్యం! ఎంగిలి పడితే భూతం ముట్టదని యోగినమ్మ చెప్పలేదూ? నువ్వు గాని నేను గాని ఒక్క ముక్క నోట పెట్టుకోకూడదు."

అప్పుడే పైకప్పు వాసాల్లోంచి బల్లి పలికింది. గవరమ్మ తలెత్తి చూసింది. బల్లి పడితే? పడిందో లేదో చూడటానికి ఇన్ని చుట్ల మధ్య ఎక్కడ వెతకాలి? విషం తిన్న భూతం చస్తే సరే, చావకుండా వెర్రెత్తితే? ఆమె గబగబా వేడి వేడి జంతికలన్నీ ఇత్తడి డబ్బాలోకి దించి, మూత బిగించి, పైన గుడ్డ కప్పి, తాడుతో నాలుగు చుట్లు కట్టేసింది. ఇరవై ఏళ్ల పిండివంటల మనిషి చేసిన ఈ పనిలో పొరపాటుందని కొండెక్కేదాకా ఎవరికీ తట్టలేదు.

ప్రయాణానికి ఆమె ఇంకా సర్దుతూనే ఉంది. పొడిపిండి మూట, నూనె చెంబు, నీళ్ల ముంత, చిల్లుల గరిటె, జంతికల గొట్టం.

"ఇవన్నీ ఎందుకు పిన్నీ? మనం పెళ్లివారి విడిదికి వెళ్లడం లేదు."

"ఉండనీ. ఎందుకైనా మంచిది."

"మోసేది నేను కదా!"

"కత్తి మోస్తున్నావుగా, గొట్టం బరువైపోయిందా?"

కత్తి కట్టెల మోపులో ఉంది. డాలు మాత్రం ఎక్కడా దాగలేదు. గవరమ్మ దాన్ని బూడిదతో తోమి, తోళ్లూ గంటలూ పీకి, బోర్లా యువరాజు తలకెత్తి, "ఇది మూకుడు" అంది. చూస్తే మూకుడులాగానే ఉంది.

ధూమకంఠుడి కొండ మామూలు కొండ కాదు. నల్లని బండలు నల్లని బండల భుజాలెక్కి, మేఘాల దాకా నిచ్చెనలు వేసినట్టు ఉంటుంది. చెట్లకు ఆకులు లేవు, ఆకుల చోట గబ్బిలాలు వేలాడతాయి. ఏరు ఉంది, దానిలో నీళ్లకు బదులు పొగ ప్రవహిస్తుంది. బండల పగుళ్లలోంచి నీలిమంటలు నాలుకలు చాచి మళ్లీ లోపలికి లాక్కుంటాయి. శిఖరం మీద ఎముకలతో కట్టిన తోరణం గాలికి టకటకమని మోగుతూ ఉంటుంది. ఆ చప్పుడు విన్న బాటసారి ఇంటిదారి మరిచిపోతాడని ఆ చుట్టుపక్కల ఊళ్లలో చెప్పుకుంటారు.

మెట్ల మొదట్లో ఇద్దరు కావలివాళ్లు ఈటెలు అడ్డం పెట్టారు. మగపురుగు ఎక్కితే పొడిచెయ్యమని వాళ్లకు ఆజ్ఞ. కట్టెలూ ఎముకలూ మోసే ఆడవాళ్లను మాత్రం పోనిస్తారు.

"ఎవరు ముసలమ్మా? ఏంటా డబ్బా?" అన్నాడు మీసాలు మెలేసిన కావలివాడు.

"భూతానికి నైవేద్యం నాయనా. మొక్కుకున్నాం. ఇది నా కోడలు."

"కోడలా? తాడిచెట్టులా ఉందే! ఒసేయ్ పిల్లా, మీ పుట్టింట్లో ఏం పెట్టి పెంచారే నిన్ను?"

యువరాజు పళ్లు బిగబట్టి, తల వంచుకుని నేల మీద బొటనవేలితో గీశాడు. గవరమ్మ అందుకుంది.

"ఏం చెప్పమంటావు నాయనా! పెళ్లిచూపుల్లో కూర్చునే ఉంది. పీటల మీదా కూర్చునే ఉంది. కాపురానికి వచ్చి లేచి నిలబడితే మా ఇంటి గుమ్మం నుదుటికి తగిలింది."

రెండోవాడు పగలబడి నవ్వాడు. మీసాలవాడు మాత్రం డబ్బా దగ్గరకు వచ్చి ముక్కు ఎగబీల్చాడు. "జంతికలు! వాము కూడా వేశావే. రెండు ఇటు పడెయ్."

"తప్పు నాయనా. నీ ఎంగిలి పడ్డది భూతం తినదు. తినకపోతే 'ఎవరు ముట్టారు?' అని అడుగుతుంది. నేను అబద్ధం చెప్పలేను."

మీసాలవాడు రెండడుగులు వెనక్కి వేశాడు. అతని ఈటె మొన యువరాజు తల మీది డాలుకు తగిలి ఠంగుమంది.

"ఇదేం మూకుడే? ఇంత గట్టిగా ఉంది!"

"మా అత్తగారి నాటిది నాయనా. అప్పటి ఇనుము."

వాళ్లు మెట్లెక్కారు. నూట ఎనభై మెట్లు. గవరమ్మ ప్రతి మెట్టు మీదా యువరాజుతో "చూసి, చూసి" అంటూనే ఉంది. రెండుసార్లు తనే జారింది.

కొండ నడుమ గిన్నెలాంటి బయలు. దాని మధ్య హోమకుండం, అందులో ఆరని నిప్పు. ఒక పక్క ఏనుగు ఆకారంలో పెద్దబండ. ఇంకో పక్క బైరన్న. గడ్డం దాకా రాయి. పైన మాత్రం మనిషి ముఖం, ఎండకు నల్లబడి, పెదవులు పగిలి ఉంది. తల్లిని చూడగానే అతని కళ్లు పెద్దవయ్యాయి. నోరు మెదపలేదు, మెదిపితే భూతం వింటుంది.

బయలుకు అవతల రెండు బండల మధ్య ఇరుకు సందు ఉంది. శిఖరానికి దారి అదే. ఆ సందు గుమ్మంలో, సందుకు వీపు పెట్టి, నిండుగా కూర్చుంది చాటచెవుల భూతం. దాని ఒళ్లంతా నాచుపట్టిన బండ. కళ్లుండవలసిన చోట రెండు గుంటలు. నోరు తిరగలి నోరు, పళ్లు రోకళ్లు. చెవులు రెండూ ఏనుగు చెవుల్లా అటూ ఇటూ ఊగుతూ, గాలిలో తేలే నూగు చప్పుడును కూడా పోగుచేసుకుంటున్నాయి. దాని వీపు వెనక, సందులోకి రెండడుగుల లోపల, గూట్లో వెన్నెల ముద్దలా మెరుస్తోంది చంద్రశిల కుండ. పొద్దు సరిగ్గా నడినెత్తిన ఉంది. ధూమకంఠుడు పైన జపంలో ఉన్నాడు. శిఖరం నీడ వచ్చి ఏనుగుబండను తాకే వేళకు జపం ముగించి దిగివస్తాడు.

"ఎవరది?" అంది భూతం. కొండ లోపల బండ దొర్లినట్టుంది ఆ గొంతు. "నాలుగు కాళ్లు. రెండు గుండెలు. ఒక గుండె గుర్రంలా పరుగెడుతోంది."

"అది నాదే నాయనా. ఎప్పుడూ అలాగే ఉంటుంది" అంది గవరమ్మ. "నీకు నైవేద్యం తెచ్చాం. జంతికలు."

ఆమె తాడు విప్పి మూత తీసింది. మూత లోపలి పక్కన చెమట బొట్లు వరుసగా మెరిశాయి. గవరమ్మ వాటిని చూసింది. ఆమె చెయ్యి ఆగిపోయింది. అప్పటికే భూతం డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు నోట్లో వేసుకుంది. యువరాజు ఒక అడుగు ముందుకు వెయ్యడానికి సిద్ధంగా కాలెత్తాడు.

చప్పుడు రాలేదు.

భూతం దవడ ఆడింది. తడిసిన తోలు నమిలినట్టు మెత్తగా, నిశ్శబ్దంగా ఆడింది. యువరాజు ఎత్తిన కాలు దింపబోయేంతలో గాజులు గల్లుమన్నాయి. భూతం చెవి అటు తిరిగింది. చెయ్యి చాచి అతని నడుమును పిడికిట్లో పట్టేసుకుంది.

"ఎటు వెళ్తోంది నీ కోడలు? ఇవేమిటి ముసలిదానా? వీటికంటే పాతచెప్పు నయం. నన్ను ఎగతాళి చెయ్యడానికి వచ్చారా?"

తప్పు ఎక్కడ జరిగిందో తెలిసిన వంటమనిషికి ఆ సంగతి చెప్పకుండా ఉండటం చేతకాదు.

"తప్పు నాదే నాయనా. బల్లి పడుతుందేమోనని వేడి మీద మూత పెట్టేశాను. ఆవిరి పోయే దారిలేక చెమ్మ పట్టాయి. నైవేద్యమని రుచి చూడలేదు, చూసుంటే తెలిసేది. నిప్పు ఉంది, పిండి ఉంది. ఇక్కడే చేసి పెడతాను. కరకరలాడకపోతే అప్పుడు నన్ను తిను."

"నిన్నా? నీలో ఏముంది?" భూతం యువరాజును ఒకసారి నొక్కి చూసింది. అతని పక్కటెముకలు కిర్రుమన్నాయి. "దీని ఎముకలు గట్టిగా ఉన్నాయి. నీ వాయి వచ్చేదాకా ఇది నా గుప్పిట్లో ఉంటుంది. వాయి మెత్తగా వచ్చిందా, దీన్నే నములుతాను."

గవరమ్మ హోమకుండం అంచున మూడు రాళ్లు పేర్చి, యువరాజు డాలును వెల్లకిలా పెట్టి, చెంబులోని నూనె పోసింది. పొడిపిండిలో ముంతలోని నీళ్లు చిలకరిస్తూ కలిపింది. నీళ్లు ఒక చుక్క ఎక్కువైనా జంతికలు నూనె తాగుతాయి. చుక్కలు లెక్కగా పడ్డాయి. కలిపిన పిండి మొత్తం నాలుగు వాయిలకు వస్తుందని ఆమె చేతికి తెలిసింది.

చిటికెడు పిండి నూనెలో వేసింది. అది అడుగుకు పోయి కూర్చుంది.

"వెయ్యి!" అంది భూతం.

"నూనె కాగలేదు."

"నాకు ఆకలేస్తోంది. వెయ్యి!"

"ఇప్పుడు వేస్తే మళ్లీ మెత్తగానే వస్తాయి నాయనా. నన్ను చంపినా వెయ్యను."

భూతం పిడికిలి ఇంకొంచెం బిగిసింది. యువరాజు ముఖం కందగడ్డలా అయింది. "అత్తయ్యా..." అన్నాడు సన్నగా.

"ఓర్చుకో తల్లీ."

శిఖరం నీడ బయలు అంచు దిగి పాకుతోంది. గవరమ్మ మరో చిటికెడు వేసింది. అది సగం దాకా మునిగి లేచింది. మూడోది వేసింది. వెయ్యగానే బుడగలతో పైకి తేలింది. అప్పుడు ఆమె గొట్టం నూనె మీదికి తెచ్చి నొక్కింది. నాలుగు పెద్ద చుట్లు చుయ్యిమంటూ విచ్చుకున్నాయి. నూనె అంతా నురగ. నురగ తగ్గింది, చప్పుడు సన్నగిల్లింది, చుట్ల రంగు తిరిగింది. చిల్లుల గరిటెతో తీసి, రెండుసార్లు దులిపి, ఆరీ ఆరకముందే భూతం అరచేతిలో పెట్టింది.

భూతం కొరికింది.

కరకరకరకర! బండలు పగిలినట్టు, ఎండిన వెదురుతోపు మీద ఏనుగులు నడిచినట్టు బయలంతా మోగిపోయింది. గబ్బిలాలు లేచాయి. భూతం ముఖంలో ఎప్పుడూ లేని వెలుగు వచ్చింది. చాటచెవులు రెండూ వాలిపోయాయి. దాని పిడికిలి వదులైంది.

యువరాజు జారి కిందపడి, గాజులన్నీ నేలకేసి పగలగొట్టి, భూతం చంక కింద నుంచి సందులోకి దూరాడు. కుండ మీద చెయ్యి పడేసరికి వాయి అయిపోయింది. కరకరలు ఆగాయి. అతను ఒంటికాలి మీద, ఊపిరి బిగబట్టి, గూటికి అతుక్కుని నిలబడ్డాడు. చాటచెవులు లేచాయి.

"నీ కోడలేది?"

"నువ్వు వదిలావుగా నాయనా, నీ వెనకే పడుంది. భయంతో ఊపిరాడటం లేదు. ఇదిగో, రెండో వాయి."

కరకరకరకర! యువరాజు కుండతో చంక కిందనుంచి ఇవతలికి పడ్డాడు. ఒక్క పరుగున బైరన్న దగ్గరకు వెళ్లి, నీళ్లు తల మీద పోశాడు. నీళ్లు చెంపల మీదుగా గడ్డం కిందికి దిగాయి. రాయి మీద నడిచిన మేర అది తేమ తగిలిన బెల్లంలా మెత్తబడి చర్మమయింది. మెడ వచ్చింది. భుజాలు వచ్చాయి.

"అమ్మా! ఎందుకొచ్చావే ఇక్కడికి?" అని అరిచాడు బైరన్న.

"నోరు ముయ్యి! కదలకు! సగం రాయి, సగం ఒళ్లు. ఊగావంటే నడుం దగ్గర విరుగుతావు!" గవరమ్మ గొట్టంలో పిండి కూరుతూనే అరిచింది. "అన్నం పెట్టారా ఈ ఎనిమిది రోజులూ?"

"రాయికి ఎవరు పెడతారే!"

"దొరా" అన్నాడు బైరన్న యువరాజును ఎగాదిగా చూసి, "ఆ చీరేమిటి?"

"మీ అమ్మ కోడల్ని. తరువాత నవ్వుదువుగాని."

మూడో వాయి. నీళ్లు నడుము దాటాయి, తొడలు దాటాయి. రాయి కరిగే వేగం యువరాజు చేతిలో లేదు. పోసిన నీళ్లు తమ ఇష్టం వచ్చినట్టు మెల్లగా దిగుతున్నాయి. మోకాళ్లు వచ్చేసరికి కుండ ఖాళీ అయింది. ఇక ఒంటి మీదున్న తడి దిగినంత మేరే. అదే సమయానికి శిఖరం నీడ ఏనుగుబండ తొండాన్ని తాకింది.

ఎముకల తోరణం టకటకలాడింది. సందు పైకొసన ధూమకంఠుడు కనిపించాడు. పొగలాంటి జటలు నేల దాకా వేలాడుతున్నాయి. మెడలో పుర్రెల పేరు, చంకన బూడిద సంచి, చేతిలో పాముతల దండం. బయలులో జరుగుతున్నది చూసి అతని కళ్లు నిప్పుకణికలయ్యాయి.

"భూతమా! పట్టుకో వాళ్లను!"

కరకరకరకర, అంది భూతం నోరు.

"పట్టుకోమంటే! వినపడదా! దారి తప్పుకో!"

భూతానికి వినపడలేదు. ధూమకంఠుడు సందులో దిగివచ్చి దాని వీపు మీద దండంతో బాదాడు. బండవీపుకు అది తెలియనైనా తెలియలేదు. నేల దాకా వేలాడే జటలతో దాని చంక కింద దూరడం అతని వల్ల కాదు, దిగడానికి వేరే దారి లేదు. బయలు నేల మీద దండం పొడవడానికి లేదు. తన గుమ్మానికి తను పెట్టుకున్న తలుపు తనకే మూసుకుపోయింది. అతను పళ్లు కొరికి, సంచిలో చెయ్యి పెట్టి, భూతం మోచేతికీ బండకూ మధ్యనున్న సందులోంచి శాపపు బూడిద విసిరాడు. బూడిద మేఘంలా లేచి బయలులోకి రాలింది. ఇత్తడి డబ్బా మీద పడింది. డబ్బా, దాని పక్కన మూత, లోపలి మెత్తని జంతికలు అన్నీ కలిసి రాయైపోయాయి.

కరకరలు సన్నగిల్లాయి. మూడో వాయి చివరి చుట్టు భూతం నోట్లో ఉంది. గవరమ్మ గొట్టంలోని చివరి పిండి డాలులోకి నొక్కింది. నురగ పొంగింది. బైరన్నకు పిక్కలు వచ్చాయి, మడమల దగ్గర రాయి ఇంకా రాయిగానే ఉంది.

మరో గుప్పెడు బూడిద గాలిలోకి లేచింది. ఈసారి నూనె వైపే వస్తోంది. యువరాజు ఒక్క ఉదుటున వచ్చి, హోమకుండం పక్కనున్న రాగి పళ్లెం అందుకుని డాలు మీద బోర్లించబోయాడు.

"మూత పెట్టకు!" అని అరిచింది గవరమ్మ. "మళ్లీ మెత్తబడతాయి!"

ఆమె లేచి, డాలుకూ బూడిదకూ మధ్య వీపు పెట్టి నిలబడింది. బూడిద ఆమె కొంగు మీద రాలింది. దోపుకున్న కొంగు రాయై నడుమును వెనక్కి లాగింది. ఆమె తిరిగి చూడలేదు. కళ్లు నూనె మీదే ఉన్నాయి. చుట్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి. ఇప్పుడు తీస్తే పచ్చి. ఇప్పుడు కాదు. ఇంకా కాదు.

భూతం నోరు ఆగింది. చాటచెవులు లేవబోయాయి. సందులోంచి ధూమకంఠుడు పెద్దగా ఊపిరి పీల్చాడు, అరవడానికి.

నూనెలో నురగ తగ్గింది. చప్పుడు సన్నగిల్లింది. చుట్లకు రంగు తిరిగింది. గవరమ్మ చిల్లుల గరిటెతో నాలుగింటినీ ఒకేసారి లేపి, ఈసారి దులపకుండానే, భుజం మీదుగా, మెడ చాచిన భూతం నోటికే అందించింది.

కరకరకరకర!

ధూమకంఠుడి అరుపు ఆ చప్పుడులో కలిసిపోయింది. నాలుగంటే నాలుగు చుట్లు. ఇక గొట్టం ఖాళీ. గవరమ్మకు కొంగు బరువుకు వెనక్కి తిరగడం చేతకాలేదు. యువరాజు కట్టెల మోపులోంచి కత్తి లాగిన చప్పుడు కూడా ఆమెకు తెలియలేదు. నూనె వైపే చూస్తూ గొంతు చించుకుని అడిగింది.

"బైరన్నా! కుడికాలు కదిలిందిరా? ఎడమకాలు?"

కొడుకు ఏదో అన్నాడు. చెవి పక్కనే మోగే ఆ కరకరల్లో ఆమెకు ఒక్క ముక్క వినపడలేదు.